జెరూసలేంలో ఒక విద్యా సంవత్సరం: రబ్బీ విద్యార్థులు ఎక్కడ చదవాలి, ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

సలహాబల్ల

నమస్కారమండీ. అమెరికాలో ఒక మతవిద్యా విభాగంలో విదేశీ చదువుల సలహా చూసే ఉద్యోగం నాది. రబ్బీ (యూదు మతగురువు) శిక్షణలో ఉన్న కొందరు 2026 జులై చివర్లో జెరూసలేం వెళ్లి 2027 జూన్ మధ్యలో తిరిగి వస్తారు. వాళ్ల కోసం నాలుగు పేజీల కరపత్రం రాయాలి. కొందరిది సంస్కరణవాద సంప్రదాయం, కొందరిది కన్సర్వేటివ్, ఒకరిది ఆర్థడాక్స్, ఇవి యూదు మత శాఖలు. హీబ్రూ అందరికీ ఒకే స్థాయిలో రాదు. తల్మూద్‌లో (యూదు ధర్మచర్చల మహాగ్రంథంలో) తలో పది ఆకులు చదివి ఉంటారు, అదీ అనువాదం పక్కన పెట్టుకుని.

సంస్థల పేర్లు వెతికితే కొండవీటి చాంతాడంత జాబితా వస్తోంది. ఏది ఎవరికి సరిపోతుంది, బయల్దేరే ముందు ఎంత చదివి ఉండాలి, వీసా కాగితాల్లో ఎక్కడ ఇబ్బంది వస్తుంది, ఈ మూడూ తెలిసినవాళ్లు చెప్పగలరా?

గెమారాగల్లీ

జాబితా పక్కన పెట్టి ముందు ఒక్క ప్రశ్న వేయండి: పాఠం ఏ భాషలో వింటారు? సగం సంస్థలు అక్కడే వడపోతకు పోతాయి.

ఇంగ్లీషులో పాఠం, మూలం మాత్రం హీబ్రూలో, అరమాయిక్‌లో కావాలంటే తల్పియోత్‌లోని పార్దెస్ ఉంది. 1972లో మొదలైంది, ఏ ఒక్క శాఖకూ చెందదు, ఆడామగా కలిసి చదువుతారు. అగ్రోన్ వీధిలోని కన్సర్వేటివ్ యెషివా (యెషివా అంటే తల్మూద్ చెప్పే పాఠశాల) కూడా ఇలాంటిదే, కాకపోతే ప్రార్థన పద్ధతి, ధర్మశాస్త్ర పాఠం కన్సర్వేటివ్ దారిలో ఉంటాయి. హీబ్రూలోనే వినగలిగినవాళ్లు నెవే గ్రనోత్‌లోని షెఖ్టర్ సంస్థ వైపు చూడొచ్చు. హీబ్రూ యూనివర్సిటీ పాఠాలైతే స్కోపస్ కొండ మీద. అక్కడ తల్మూద్‌ను పాఠభేదాలతో, చరిత్రతో విడదీసి చూస్తారు. యెషివాలో చెప్పే తీరు అది కాదు, రెంటినీ కలిపి ఆశించకూడదు.

సంస్కరణవాద విద్యార్థులకు ఎంపిక చాలావరకు అయిపోయినట్టే. హీబ్రూ యూనియన్ కాలేజీ తన రబ్బీ విద్యార్థుల మొదటి ఏడాదిని జెరూసలేంలో గడిపించే పద్ధతిని 1970లో పెట్టింది. ప్రాంగణం కింగ్ డేవిడ్ వీధిలో ఉంది. ఆర్థడాక్స్ విద్యార్థి యెషివా యూనివర్సిటీవాడైతే బయిత్ వెగాన్‌లో వాళ్లదే గ్రస్ ప్రాంగణం ఉంది, సెమిఖా (రబ్బీ పట్టా) పాఠ్యక్రమం తెగకుండా సాగుతుంది. స్త్రీలకు ఆర్థడాక్స్ వాతావరణంలోనే లోతైన చదువు కావాలంటే మతాన్ (1988), నిష్మత్ (1990). నిష్మత్‌లో స్త్రీలకు సంబంధించిన శుద్ధి నియమాల మీద సలహా ఇచ్చే యోఎత్సెత్ హలఖా శిక్షణ కూడా ఉంది.

హార్ట్‌మన్ సంస్థను ప్రధాన చదువుగా లెక్కపెట్టుకోవద్దు. అక్కడ రబ్బీ విద్యార్థుల సెమినార్లు బాగుంటాయి, ఆలోచన పదునెక్కుతుంది. ఆకు తిప్పి ఆకు చదివే రోజువారీ సాధన మాత్రం వేరే చోట జరగాలి.

కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేయాల్సిన మాట: ఉదయం పూట ఒకే చోట, ఒకే జోడీతో, అంటే కలిసి చదివే ఒకే తోటి విద్యార్థితో. జెరూసలేంలో ఏ సాయంత్రం చూసినా అయిదారు పాఠాలు ఉంటాయి. సోమవారం ఇక్కడ, మంగళవారం అక్కడ అని తిరిగినవాళ్లకు మేలో చూస్తే పేర్లు గుర్తుంటాయి, సూగియా (ఒక అంశం మీద సాగే తల్మూద్ చర్చ) ఒక్కటీ గుర్తుండదు.

పాతపుట

పై సలహాకు నా ఓటు. బయల్దేరే ముందు చేయాల్సిన పని గురించి రాస్తాను, ఎందుకంటే ఏడాది దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ముందు హీబ్రూ. ఉల్పాన్‌లలో (హీబ్రూ నేర్పే బడుల్లో) స్థాయిలు ఆరు: అలెఫ్, బేత్, గిమెల్, దాలెత్, హే, వావ్. ప్రవేశ పరీక్షలో గిమెల్ కన్నా కింద పడితే బేత్ మిద్రాష్‌లో (జోడీలు కూర్చుని చదివే మందిరంలో) మొదటి మూడు నెలలు నిఘంటువుతోనే గడుస్తాయి. వేసవి ఉల్పాన్ ఒక స్థాయిని దాటిస్తుంది, రెండు స్థాయిలు దాటాలని కూర్చుంటే రెండూ సగం సగం వస్తాయి. కాబట్టి మే నెల కల్లా బేత్ పూర్తి చేసి ఉండాలి. అచ్చులు లేని పాఠం చదవడం, రషి లిపి (వ్యాఖ్యానాలు అచ్చువేసే అక్షరాల తీరు) చదవడం ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. రషి లిపి అంటే భయపడతారు గానీ, రోజుకు పది వరుసలు గట్టిగా చదివితే రెండు వారాల పని. అందులో ఇబ్బంది పెట్టేది ఒకదానితో ఒకటి కలిసిపోయే అక్షరాలే: సామెఖ్, చివరి మేమ్ దాదాపు ఒక్కలా కనబడతాయి, అలెఫ్ చూసి హేత్ అనుకుంటారు.

ఇక అసలు చిక్కు. ఉల్పాన్‌లో ఆధునిక హీబ్రూ వస్తుంది, అరమాయిక్ రాదు. బాబిలోను తల్మూద్‌లో చర్చ నడిచేది అరమాయిక్‌లో. హీబ్రూ బాగా వచ్చినవాళ్లే ఇక్కడ తప్పులో కాలేస్తారు, చూడ్డానికి తెలిసిన మాటలాగే ఉంటుంది మరి. "ఇ" అంటే ఆధునిక హీబ్రూలో ద్వీపం, గెమారాలో (తల్మూద్‌లోని ఆ చర్చ భాగంలో) "ఒకవేళ" అని. "బర్" అంటే కొడుకు. తెలుగు బైబిలు చదివినవాళ్లకు బర్తిమయి పేరులో, మార్కు సువార్తలోని "తలీతాకుమీ"లో ఈ భాష వాసన ముందే తగిలి ఉంటుంది. మొదలుపెట్టడానికి దానియేలు 2వ అధ్యాయం 4వ వచనం నుంచి 7వ అధ్యాయం చివరి దాకా మంచి మెట్టు, అది అరమాయిక్‌లోనే ఉంది. అయితే బాబిలోను యాస అక్కడి నుంచి చాలా అరిగిపోయింది. దానియేలులో విడిగా నిలబడే "ది" గెమారాలో పక్క మాటకు అతుక్కున్న ఒక్క "ద్" అయిపోతుంది. అందుకే జాస్ట్రో నిఘంటువులో మాట దొరకక తంటాలు పడతారు: ముందు అతుకులు విడదీసి, ధాతువు పట్టుకుంటే గానీ అది దారి ఇవ్వదు. ఫ్రాంక్ తల్మూద్ నిఘంటువు మాటను పుటలో కనబడే రూపంలోనే ఇస్తుంది. మొదటి ఆరు నెలలకు ఫ్రాంక్, తర్వాత జాస్ట్రో.

మాటల కన్నా ముందు రావాల్సినవి మలుపు చెప్పే గుర్తులు. "తనన్" అంటే మిష్నా (తల్మూద్ చర్చకు మూలమైన ధర్మసంగ్రహం) నుంచి ఉటంకింపు వస్తోందని. "తన్యా", "తను రబ్బానన్" అంటే మిష్నాలో చేరని ఆ కాలపు బోధ, అంటే బరైతా, వస్తోందని. "మెతివే" అంటే అదే కాలపు ప్రమాణంతో ఆక్షేపణ. "ఇబాయా లెహు" అంటే పండితులకు తట్టిన సందేహం, "తేకు" అంటే అది తేలకుండా నిలిచిపోయిందని. మన శాస్త్ర గ్రంథాల్లో "నను", "ఇతి చేత్" కనబడగానే పూర్వపక్షం ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది కదా, అదే పని ఇవి చేస్తాయి. ఇలాంటివి ఓ నలభై ఒక కాగితం మీద రాసుకుని కంఠతా పట్టిస్తే పుట సగం తెరుచుకుంటుంది.

ఏ భాగం చదవాలి అంటే బావా మెత్సియా రెండో అధ్యాయం, ఎలు మెత్సియోత్. 21వ ఆకు ముందు వైపు నుంచి 33వ ఆకు వెనక వైపు దాకా. దొరికిన వస్తువుల్లో ఏది దొరికినవాడిది, ఏది చాటించాలి అన్నది విషయం. 21 వెనక వైపున అబయే, రవా అనే ఇద్దరు పండితుల వాదం మొదలవుతుంది: వస్తువు పోయిన సంగతే యజమానికి ఇంకా తెలియదు, తెలిస్తే ఆశ వదులుకునేవాడే. మరి ఇప్పుడే వదులుకున్నట్టు లెక్కా, కాదా? ప్రమాణం మీద ప్రమాణం తెచ్చి ఒకటిన్నర ఆకు నడిపి చివరికి అబయే పక్షాన తేలుస్తారు. కొత్తవాళ్లకు ఆక్షేపణ, సమాధానం, మళ్లీ ఆక్షేపణ అనే నడక ఇంత స్పష్టంగా దొరికే చోట్లు తక్కువ. తరతరాలుగా పిల్లలకు దీనితో మొదలుపెట్టించడం ఊరికే కాదు.

రోజుకు ఎంత? మొదటి నెలలో పదిహేను వరుసలు చాలు. రెండున్నర గంటలు జోడీతో, తర్వాత గంటంబావు గురువు పాఠం. క్రమం ఇలా: ఒకరు గట్టిగా చదవాలి. విల్నా ముద్రణలో (వాడుకలో ఉన్న తల్మూద్ అచ్చు ప్రతిలో) అచ్చులు ఉండవు, విరామ చిహ్నాలు ఉన్నా లేనట్టే, కాబట్టి ప్రశ్న ఎక్కడ ఆగిందో, జవాబు ఎక్కడ మొదలైందో పెన్సిల్‌తో గీత పెట్టాలి. అప్పుడు వ్యాఖ్యాత రషి. రషి మన మల్లినాథ సూరి లాంటివాడు, మూలంలో తడబడే చోటు ఎక్కడుందో పసిగట్టి అక్కడే ఒక మాట వేస్తాడు. "ఈ మాట ఇక్కడ ఎందుకు వేశాడు, ఇది లేకపోతే మనం ఏమని పొరబడేవాళ్లం?" అని అడగని జోడీకి రషి అర్థమే అవుతాడు గానీ ఉపయోగపడడు. ఆ తర్వాత తోసఫోత్ (రషి తర్వాతి తరాల వ్యాఖ్యలు), అదీ రోజుకు ఒకటే. చివరికి పుస్తకం మూసి నాలుగు వాక్యాల్లో వాదం చెప్పాలి. చెప్పలేకపోతే చదవలేదని లెక్క.

అనువాదం చివర్లోనే తెరవాలి. సెఫారియా వెబ్‌సైటులో ఇంగ్లీషు అనువాదం ఉచితంగా ఉంది, మంచిదే. అందులో గెమారా మాటలు ముద్దక్షరాల్లో, వివరణ మామూలు అక్షరాల్లో ఉంటాయి. ముందే అది చదివితే ఏది మూలం, ఏది సంపాదకుడు పూరించినది అన్న తేడా కంటికి ఆనదు. వాదం సాఫీగా సాగిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ సందులు పూరించడమే చదువు.

కాగితాలపులి

నేను కాగితాలకే పరిమితమవుతాను.

కావాల్సింది ఏ/2 విద్యార్థి వీసా. సంస్థ ఇచ్చే ప్రవేశ పత్రం, ఖర్చులకు డబ్బు ఉందన్న రుజువు, ఫోటోలు, కోర్సు ముగిశాక కూడా కొన్ని నెలలు చెల్లే పాస్‌పోర్టు పెట్టి కాన్సులేట్‌లో దరఖాస్తు చేయాలి. దీని మీద ఉద్యోగం చేయకూడదు. ఆదివారం బడిలో హీబ్రూ చెప్పి నాలుగు డబ్బులు సంపాదిద్దాం అనుకునేవాళ్లకు ముందే చెప్పండి.

జరిగే తప్పులు రెండు. ఒకటి, "వెళ్లాక చూసుకుందాం" అని పర్యాటకుడిగా దిగడం. అమెరికా పాస్‌పోర్టుకు 2025 జనవరి 1 నుంచి 25 షెకెళ్ల ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) తీసుకుంటే చాలు, కానీ దాని మీద ఉండగలిగేది 90 రోజులు. అక్కడే మార్పించుకోవాలంటే జనాభా, వలసల కార్యాలయంలో రోజు దొరకాలి. పండుగల నెలలో అది దొరకదు. రెండోది ఇంకా గట్టిది. తల్లిదండ్రుల్లో ఒకరు ఇజ్రాయెల్ పౌరులైతే ఆ విద్యార్థి అక్కడి చట్టం దృష్టిలో పౌరుడే అయి ఉండొచ్చు, ఎక్కడ పుట్టినా సరే. పౌరుడు ఇజ్రాయెల్ పాస్‌పోర్టుతోనే రావాలి, వెళ్లాలి, విద్యార్థి వీసా ఇవ్వరు. పైగా సైనిక సేవ సంగతి కాన్సులేట్ ద్వారా ముందే తేల్చుకోవాలి. ఇది వారాల్లో తేలే పని కాదు. కాబట్టి కరపత్రంలో మొదటి ప్రశ్నే "అమ్మానాన్నల్లో ఎవరికైనా ఇజ్రాయెల్ పౌరసత్వం ఉందా?" అని ఉండాలి.

అద్దె ఇల్లు: పన్నెండు నెలలకు ముందు తేదీలు వేసిన చెక్కులు అడిగే యజమానులు ఎక్కువ, కొత్తగా దిగినవాళ్లకు బ్యాంకు ఖాతా ఉండదు. అందుకే ఎవరో ఖాళీ చేసి వెళ్తున్న గదిలో దిగడం తేలిక. అద్దెకు తోడు అర్నోనా అనే పురపాలక పన్ను, భవన నిర్వహణ రుసుము అద్దెకున్నవాళ్లే కట్టాలి. "అద్దె ఎంత?" అని కాదు, "అన్నీ కలిపి ఎంత?" అని అడగమనండి. ఇంట్లో మమాద్, అంటే కాంక్రీటు రక్షణ గది, ఉందా లేదా కనుక్కోవాలి. పాత నఖ్లావోత్ ఇళ్లలో ఉండదు, అప్పుడు దగ్గర్లోని ఆశ్రయం ఎన్ని అడుగుల దూరమో నడిచి చూసుకోవాలి. గాజా నుంచి రాకెట్లు వస్తే జెరూసలేంలో లెక్క 90 సెకన్లు. పౌర రక్షణ విభాగం యాప్ ఫోన్‌లో తప్పనిసరి. 2025 జూన్‌లో గగనతలం మూసేసినప్పుడు తిరుగు టికెట్లు కాగితం ముక్కలయ్యాయి, కాబట్టి తేదీ మార్చుకోవడానికి వీలున్న టికెట్టే కొనాలి.

సలహాబల్ల

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. పౌరసత్వం సంగతి నాకు తట్టనే లేదు. ఇంకొక్కటి: పండుగల్లో బయటి దేశాల యూదులకు రెండు రోజులు, అక్కడ ఒకే రోజు అంటారు. ఏడాదికే వెళ్లినవాళ్లు ఏది పాటించాలి? సెలవుల లెక్క కూడా దాన్నిబట్టే వేయాలి.

నెలవంక

జవాబు ఒకటి కాదు. సంస్కరణవాదులకు సమస్య లేదు, వాళ్లకు ఎక్కడైనా ఒకే రోజు. మిగతావాళ్లలో, తిరిగి వెళ్లే ఉద్దేశం ఉన్నవాడు రెండు రోజులూ పాటించాలన్నది ఎక్కువమంది నిర్ణయం, మిష్నా బెరూరా అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య 496వ విభాగంలోనూ అదే ఉంది. ఖఖాం త్స్వీ అనే పండితుడు మాత్రం 167వ సమాధానంలో, అక్కడ ఉన్నంతకాలం ఒకే రోజు అన్నారు. మధ్యేమార్గంగా "ఒకటిన్నర రోజు" కూడా వాడుకలో ఉంది: రెండో రోజు పని మానేస్తారు గానీ పండుగ ప్రార్థనలు చేయరు. ఎవరి రబ్బీని వాళ్లు ఆగస్టులోనే అడిగి పెట్టుకోవాలి. పస్కా ముందు రోజు రాత్రి అడిగితే రెండో సేదెర్‌కు (పస్కా రాత్రి విందుకు) పిలిచే ఇల్లు దొరకదు. రెండు రోజులవాళ్లకు ఎనిమిదో రోజున ఊరంతా రొట్టెలు అమ్ముతుంటే తాము పులియనివే తినాలి, ఆ రోజుకు సరుకు ముందే దాచుకోవాలి.

మీ విద్యార్థుల ఏడాదికి లెక్క వేసి ఇస్తున్నాను. ఎలూల్ మాసం 2026 ఆగస్టు 14న మొదలు. యెషివాల మొదటి విడత అప్పటి నుంచి యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) దాకా. రోష్ హషానా (కొత్త సంవత్సరం) సెప్టెంబరు 12. పర్ణశాలల పండుగ అయ్యాక అసలు పొడవైన విడత హెష్వాన్ 1న, అంటే అక్టోబరు 12న మొదలై, నీసాను 1, 2027 ఏప్రిల్ 8 దాకా. అది అధికమాసం వచ్చే ఏడాది, అదార్ రెండుసార్లు వస్తుంది, అందుకని చలికాలపు విడత మామూలు కన్నా ఒక నెల ఎక్కువ. గట్టి చదువంతా ఇక్కడే పెట్టుకోవాలి. సందర్శకులుగా వచ్చే తల్లిదండ్రులను కూడా ఈ ఆరు నెలల్లో రావద్దనండి, పస్కాకు రమ్మనండి.

వర్షం కోసం చేసే ప్రార్థన అక్కడ హెష్వాన్ 7న, అంటే అక్టోబరు 17 రాత్రి మొదలవుతుంది. అమెరికాలో డిసెంబరు మొదటి వారం దాకా ఆగుతారు. పూరీము పండుగ బయట మార్చి 23న, జెరూసలేంలో 24న. యెహోషువ కాలం నాటికే ప్రాకారం ఉన్న ఊరన్న లెక్క అది. 23న టెల్ అవీవ్‌లో, 24న జెరూసలేంలో ఉంటే రెండు పండుగలూ చూడొచ్చని కుర్రాళ్లు సరదాపడతారు, కానీ ఎస్తేరు గ్రంథం ఏ రోజు వినాలన్న చిక్కు దాంతోనే వస్తుంది. తెల్లవారుజామున ఎక్కడ ఉన్నారన్నది లెక్కలోకి వస్తుంది, అడిగి వెళ్లాలి.

షబ్బాత్ దీపాలు జెరూసలేంలో సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు వెలిగిస్తారు, అమెరికా అలవాటు 18 నిమిషాలు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి బస్సులు ఆగిపోతాయి. చలికాలం నడుమ దాదాపు నాలుగింటికే దీపాల వేళ వచ్చేస్తుంది, వంట గురువారం రాత్రే అయిపోవాలి.

తిరుగు ప్రయాణం దగ్గర ఒక మెలిక. 2027లో వారాల పండుగ జూన్ 11, శుక్రవారం. బయటి దేశాల్లో శనివారం కూడా పండుగే కాబట్టి ఆ వారం తోరా భాగం అక్కడ చదవరు, ఇజ్రాయెల్‌లో చదివేస్తారు. దాంతో ఇజ్రాయెల్‌లో ఒక భాగం ముందుంటారు. జూన్ మధ్యలో అమెరికా చేరిన విద్యార్థి తాను విన్న భాగాన్నే మళ్లీ వింటాడు. ఎదురు దిక్కుగా వెళ్లేవాడికి ఒక భాగం తప్పిపోతుంది. వేసవిలో ఎక్కడైనా ఉపన్యాసం ఒప్పుకునే ముందు ఆ ఊళ్లో ఏ భాగం నడుస్తోందో చూసుకోవాలి.

గెమారాగల్లీ

జోడీ గురించి ఒక మాట చేర్చండి. ఖెవ్రూతా, అంటే ఆ జోడీ, కుదరడం ఇల్లు కుదరడం కన్నా కష్టం. స్నేహితుణ్ని జోడీగా పెట్టుకుంటే పది గంటలకే కాఫీ కబుర్లు మొదలవుతాయి. తన కన్నా బాగా వచ్చినవాణ్ని పెట్టుకుంటే వాడు చెబుతాడు, వీడు వింటాడు. ఒక మెట్టు తేడా ఉన్నవాళ్లు సరిపోతారు. రెండు వారాలు పరీక్షగా చదువుదాం అని ముందే ఒప్పందం చేసుకుంటే విడిపోయేటప్పుడు మొహమాటం ఉండదు.

దఫ్ యోమి (రోజుకో తల్మూద్ ఆకు చదివే పద్ధతి) ప్రలోభం కూడా వస్తుంది, ఎందుకంటే ప్రస్తుత ఆవృత్తి 2027 జూన్ 7న ముగుస్తుంది, ఆ వారం ఊరంతా సంబరమే. 2711 ఆకులు, రోజుకొకటి, ఏడున్నరేళ్ల దాకా. సంబరానికి వెళ్లొచ్చు. రోజుకు పదిహేను వరుసలు కుస్తీ పడుతున్నవాడు అదే రోజు రెండు వైపుల ఆకు గంటలో దాటేస్తే మాత్రం రెంటికీ చెడ్డ రేవడే.

పాతపుట

ఆర్థడాక్స్ సెమిఖా విద్యార్థి ఉన్నారన్నారు కాబట్టి: యోరే దేఆలో (ధర్మశాస్త్ర గ్రంథంలో ఒక భాగం) మాంసం, పాల విభాగాలు 87 నుంచి 97, మిశ్రమాలవి (నిషిద్ధమైనది వంటలో కలిస్తే ఏం చేయాలన్నవి) 98 నుంచి 111. ఈ రెండూ కలిపి చలికాలపు విడతకు సరిపడా పని. నిద్దా, అంటే స్త్రీల శుద్ధి నియమాలు (183–200), అదే విడతలో దూర్చొద్దు. పుస్తకంలో "అరవై వంతుల్లో ఒకటి" అని చదవడం వేరు, గిన్నె ఎదురుగా పెట్టి లెక్కించడం వేరు. అందుకే సందేహాలు తీర్చే రబ్బీ పక్కన కూర్చునే షిముష్‌కు వారంలో ఒక పూట కేటాయించాలి.

పాఠభేదాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు 2023 అక్టోబరులో కొత్త భవనంలోకి మారిన జాతీయ గ్రంథాలయం ఉంది, యూదు మార్మికత పండితుడు గెర్షోమ్ షోలెమ్ సేకరణ అక్కడే. దాని క్తీవ్ వెబ్‌సైటులో ప్రపంచమంతటి హీబ్రూ రాతప్రతుల ఫోటోలు చూడొచ్చు. 1342లో రాసిన మ్యూనిక్ ప్రతి, అంటే దాదాపు పూర్తిగా మిగిలిన ఏకైక బాబిలోను తల్మూద్ రాతప్రతి, ఫోటోల్లో ఇంటి నుంచే చూడొచ్చు. ఒకే వాక్యం వేర్వేరు ప్రతుల్లో ఎలా ఉందో వరుసగా పేర్చి చూపే హఖి గర్సినన్ అనే సాధనం కూడా ఉంది. విల్నా ముద్రణలో వాదం ఎంతకీ అతకని చోట ముందు అక్కడ చూడమనండి. మూడు గంటలు తల బద్దలు కొట్టుకున్న చిక్కు ఒక్కోసారి అచ్చులో జారిపోయిన ఒక్క మాట దగ్గర తేలుతుంది. కాకపోతే ఆ మూడు గంటలూ పడ్డాకే చూడాలి, ముందే చూస్తే గురువుగారు ఊరుకోరు.